గిట్టకుళ్ళు (గోదావరి డెల్టా)

గిట్టకుళ్ళు గుర్రాలు, గేదెలు, ఆవులు, ఎడ్లు, గొర్రెల కాళ్ళకు వచ్చే వ్యాధి. గిట్ట అడుగునో, గిట్టల సందులోనో ఉండే మెత్తని భాగంలో తడి, పేడ, రొంపి నిలిచి, గాలి సోకని చోట క్రిములు పెరిగి ఆ భాగాన్ని కుళ్ళబెడతాయి. గుర్రంలో వచ్చేదాన్ని పశువైద్యులు థ్రష్ అనీ, గేదెల్లోనూ ఆవుల్లోనూ వచ్చేదాన్ని ఫుట్‌రాట్ అనీ అంటారు. రెండిటిలోనూ ఎక్కువగా కనిపించే సూక్ష్మజీవి ఫ్యూసోబ్యాక్టీరియం నెక్రోఫోరం. అయితే రెండూ నడిచే తీరు వేరు. థ్రష్ నెమ్మదిగా ముదిరి, చాలాకాలం కుంటు లేకుండానే సాగుతుంది. ఫుట్‌రాట్ ఒక్కరోజులో కాలు వాచేలా, జ్వరం వచ్చేలా మొదలవుతుంది. ఉభయ గోదావరి జిల్లాల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు నేల తడిగానే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఈ వ్యాధి నివారణ ప్రధానంగా పాక నేలకు, కాలువ నీటికి సంబంధించిన విషయం.

గిట్ట నిర్మాణం

గుర్రానికి కాలికి ఒక్కటే గిట్ట. చుట్టూ గట్టి గోడ, కింద కాస్త పుటాకారంగా ఉండే అడుగు, ఆ అడుగు మధ్యలో మడమ నుంచి ముందుకు సన్నబడుతూ పోయే త్రికోణపు మెత్త ఉంటాయి. ఈ మెత్తను ఫ్రాగ్ అంటారు. గుర్రం అడుగు వేసినప్పుడు అదురును తీసుకునేదీ, గిట్టలో రక్తప్రసరణకు తోడ్పడేదీ ఇదే. ఫ్రాగ్ నడుమ ఒక గాడి, రెండు పక్కలా రెండు గాడులు ఉంటాయి. థ్రష్ మొదలయ్యేది ఈ మూడు గాడుల్లోనే. గిట్ట గోడలో నీటి పాలు సుమారు నాలుగో వంతయితే ఫ్రాగ్‌లో సగం దాకా ఉంటుంది. అందుకే మిగతా గిట్టకన్నా ముందు ఇది నానుతుంది, ముందు చెడుతుంది.

గేదె, ఆవు, ఎద్దులకు కాలికి రెండు గిట్టలు. వాటి మధ్య సందులో ఉండేది మామూలు చర్మమే. వరి కొయ్య గుచ్చుకున్నా, గులకరాయి ఇరుక్కున్నా, రోజుల తరబడి రొంపిలో నానినా అది చిట్లుతుంది. ఫుట్‌రాట్‌కు దారి ఆ చిట్లిన చోటే.

కారకాలు, వ్యాధి క్రమం

ఫ్యూసోబ్యాక్టీరియం నెక్రోఫోరం ప్రాణవాయువు తగిలితే పెరగలేని క్రిమి. పశువుల పేగుల్లో సహజంగానే ఉంటుంది, పేడతో నేల మీదికి వస్తుంది. అంటే పేడ ఉన్న ప్రతి పాకలోనూ ఇది ఉన్నట్టే. దాన్ని పూర్తిగా తుడిచిపెట్టడం కుదరదు. దానికి కావలసిన గాలిలేని తడి చోటును దొరక్కుండా చేయడమే కుదురుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ లోఫ్లర్ 1884లో దూడల గొంతు జబ్బును పరిశీలిస్తూ దీన్ని వర్ణించాడు. గొర్రెల గిట్టకుళ్ళులో దీనికి డైకెలోబ్యాక్టర్ నోడోసస్ అనే మరో క్రిమి తోడవుతుంది. దాన్ని 1941లో ఆస్ట్రేలియాలో బెవరిడ్జ్ గుర్తించాడు. ఆవులు, గేదెల్లో పార్ఫిరోమొనాస్, ప్రెవొటెల్లా జాతుల క్రిములు కూడా కలిసి కనిపిస్తాయి.

ఫ్యూసోబ్యాక్టీరియం విడుదల చేసే విషపదార్థాలు తెల్ల రక్తకణాలను చంపి, చుట్టూ ఉన్న కణజాలాన్ని కుళ్ళబెడతాయి. గుర్రంలో ఆ కుళ్ళు గాడి లోతుకు దిగుతుంది. పశువులో చర్మం కిందికి పాకి, అశ్రద్ధ చేస్తే కీళ్ళ దాకా పోతుంది.

డెల్టా నేల, నీరు

ధవళేశ్వరం దగ్గర గోదావరిపై సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. దానితో తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువ నీరు వచ్చింది. సార్వా, దాళ్వా అని రెండు వరి పంటలు స్థిరపడ్డాయి. పశువుల కాళ్ళ ఆరోగ్యాన్ని నిర్ణయించేది ఆ పంటల తేదీలే. జూన్‌లో కాలువలకు నీరు వదిలినప్పటి నుంచి దమ్ము, ఊడ్పులు సాగుతాయి. ఆపైన ముసుర్లు, అక్టోబరు నుంచి తుపాన్ల కాలం. నవంబరు, డిసెంబరుల్లో కోతలయ్యాక చేలలో వరి కొయ్యలు మిగులుతాయి. వాటి మధ్య మేతకు తిరిగే పశువుల గిట్టల సందులు గీరుకుపోతాయి. వెంటనే దాళ్వా నీరు. ఏప్రిల్ చివరి నుంచి కాలువలు కట్టేసే కొద్ది వారాలే డెల్టాలో నేల నిజంగా ఎండే సమయం.

డెల్టా మట్టి ఎక్కువగా ఒండ్రుతో కూడిన నల్ల బంకమట్టి. నీరు తొందరగా ఇంకదు, గిట్టకు అంటుకుంటే ఊడదు. గుర్రం గిట్ట అడుగున ఆ బంక గట్టిగా కూరుకుని లోపలి పేడను గాలి తగలకుండా మూసేస్తుంది. రాజమహేంద్రవరానికి ఉత్తరాన ఉన్న ఎర్ర గ్రావెల్ మెరకల మీద ఈ ఇబ్బంది తక్కువ. కోనసీమలో ఇళ్ళ దొడ్లు కొబ్బరితోటల నీడలో ఉంటాయి. ఎండ పడదు, భూగర్భ జలం పైపైనే ఉంటుంది. లంక గ్రామాల్లో వరద తీశాక కూడా ఒండ్రు పలుచగా పరుచుకుని రోజుల తరబడి తడిగా ఉంటుంది.

1986 ఆగస్టు వరదల్లోనూ, ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవాహం నమోదైన 2022 జులై వరదల్లోనూ లంకల పశువులను ఏటిగట్ల మీదికి తోలాల్సి వచ్చింది. మెరక అయినా, గట్టు మీద ఎక్కువ పశువులు ఒకేచోట కట్టి ఉంటే రెండు మూడు రోజుల్లోనే పేడ, మూత్రం, వాన కలిసి అక్కడే రొంపి తయారవుతుంది. వరద సహాయం మేత, మందుల వరకే ఆగకుండా గట్టు మీద పొడి నేలను కూడా చూసుకోవాలి. ఊకో ఇసుకో పరిచి, రోజుకొకసారి పశువుల జాగా మార్చినా చాలా కుంట్లు తప్పుతాయి.

చరిత్ర

అశ్వవైద్యం భారతదేశంలో పాత విద్య. సంస్కృతంలో శాలిహోత్రుని పేరున అశ్వశాస్త్ర సంప్రదాయం ఉంది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసం గుర్రాల లక్షణాలపై రాసిన పద్యగ్రంథం. గోదావరి మండలంలో సామాన్యులకు తెలిసిన గుర్రం మాత్రం యుద్ధాల గుర్రం కాదు, జట్కా గుర్రం. రైల్వేస్టేషన్ల నుంచి ఊళ్ళోకి మనుషుల్ని, సామానుల్ని చేర్చిన ఆ పొట్టి గుర్రాలు స్టేషన్ బయట, మురుగు పారే వీధుల్లో గంటల కొద్దీ నిలబడేవి. సైకిల్ రిక్షాలు, ఆ తర్వాత ఆటోలు వచ్చాక జట్కాలు కనుమరుగయ్యాయి. దమ్ము చేలలో దున్నపోతుల పనిని, పుంతల్లో ఎడ్లబండి పనిని ట్రాక్టర్ తీసుకుంది. బండి ఎడ్లకు లాడాలు కొట్టేవాళ్ళు గిట్టలు చెక్కి, సందులు చూసి, చీముంటే చెప్పేవారు. ఎడ్లతోపాటు ఆ నైపుణ్యమూ పల్లెల్లో తగ్గిపోయింది. పాడి గేదెల గిట్టలను క్రమం తప్పకుండా చూసే మనిషి ఇప్పుడు చాలా ఊళ్ళలో లేడు. ఇది డెల్టా పాడికి పెద్ద లోటు.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు సుమారు 3.4 లక్షలు. 2012 లెక్కతో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. డెల్టాలో ఇప్పుడు గుర్రాలు పెళ్ళి ఊరేగింపులకు, ఉత్సవాలకు, స్వారీ సరదాకు పెంచేవే. వీటికి పని కొద్ది రోజులే, మిగతా కాలమంతా కట్టు మీదే. నడక తగ్గితే ఫ్రాగ్‌కు రాపిడి, రక్తప్రసరణ తగ్గి థ్రష్‌కు వీలు పెరుగుతుంది.

గుర్రంలో లక్షణాలు

మొదట తెలిసేది వాసన. గిట్ట ఎత్తి గాడిని గీకితే నల్లటి, జిగురైన మడ్డి ఘాటైన దుర్గంధంతో వస్తుంది. ఫ్రాగ్ అంచులు చిరిగి, మెత్తబడి, ముక్కలుగా ఊడతాయి. ఈ దశలో గుర్రం మామూలుగానే నడుస్తుంది కాబట్టి గిట్ట ఎత్తి చూడని యజమానికి జబ్బు సంగతే తెలియదు. లోతుకు దిగితే గాడిని నొక్కగానే కాలు లాక్కుంటుంది. గట్టి నేల మీద మడమ ఆనించకుండా గిట్ట ముందు భాగంతో నడుస్తుంది. నడిమి గాడి సన్నని చీలికలా మారి మడమ ఉబ్బుల మధ్య పైకి పాకితే అది ముదిరిన రూపం. పైనుంచి చూస్తే చిన్న గీతలా ఉన్నా లోపల వేలి కణుపంత లోతు ఉండవచ్చు. వెనక కాళ్ళు పేడ, మూత్రానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ముందు వాటినే చూడాలి.

పశువుల్లో, గొర్రెల్లో లక్షణాలు

గేదె లేదా ఆవు నిన్నటిదాకా బాగానే ఉండి ఉన్నట్టుండి ఒక కాలు ఎత్తి కుంటుతుంది. గిట్టల పైన చుట్టూ వాపు వచ్చి రెండు గిట్టలూ ఎడంగా విచ్చుకుంటాయి. సందులో చిట్లిన చర్మం, పసుపుపచ్చని చచ్చిన కండ, దుర్వాసన ఉంటాయి. జ్వరం వస్తుంది, మేత మానుతుంది, పాలు తగ్గుతాయి. సాధారణంగా ఒక్క కాలికే వస్తుంది. గొర్రెల్లో ఇది మందంతటికీ అంటుతుంది. అవి మోకాళ్ళ మీద వంగి మేస్తుంటే అనుమానించాలి.

పోలిన వ్యాధులు
(చూడండి: గాలికుంటు, లామినైటిస్, క్యాంకర్)

డెల్టాలో పశువు కుంటితే ముందు నోటికొచ్చే మాట గాలికుంటు. గాలికుంటు వైరస్ వ్యాధి. నోట్లో, నాలుక మీద, పొదుగు చన్నుల మీద, గిట్టల సందుల్లో బొబ్బలు లేచి చిట్లుతాయి. చొంగ తాళ్ళు తాళ్ళుగా కారుతుంది. ఒకటికన్నా ఎక్కువ కాళ్ళకు, ఒకటికన్నా ఎక్కువ పశువులకు వస్తుంది. ఒక్క కాలు వాచి, నోరు శుభ్రంగా ఉంటే ఫుట్‌రాట్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఈ తేడా తెలియక రెండు రకాల నష్టం జరుగుతోంది. ఫుట్‌రాట్‌ను గాలికుంటు అనుకుని దానంతటదే తగ్గుతుందని వదిలేస్తే కీలు చెడుతుంది. గాలికుంటును మామూలు కుంటు అనుకుని పశువును సంతకు తోలితే ఊళ్ళకు ఊళ్ళే అంటుకుంటాయి. గుర్రాలకు గాలికుంటు రాదు. కాబట్టి గుర్రం కుంటుకు ఆ కారణం వెతకక్కర్లేదు.

లామినైటిస్ గిట్ట లోపలి పొరల వాపు. బియ్యం మిల్లుల దగ్గర దొరికే నూకలు, తవుడు, పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నం ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపులో ఆమ్లం పెరిగి గుర్రాల్లోనూ పశువుల్లోనూ ఇది రావచ్చు. ఇందులో గిట్ట వేడిగా ఉంటుంది, సందులో కుళ్ళు వాసన ఉండదు. క్యాంకర్ గుర్రంలో అరుదు. ఫ్రాగ్ కుళ్ళి తరిగిపోదు, కాలీఫ్లవర్‌లాంటి మెత్తని కండ పెరిగి తాకితే రక్తం కారుతుంది. మామూలు థ్రష్ మందులకు లొంగని గిట్టను క్యాంకర్ అని అనుమానించి వైద్యుడికి చూపాలి.

చికిత్స

గుర్రానికి మొదటి పని మందు పూయడం కాదు, గిట్టను తెరవడం. గిట్ట గీకే కొక్కెంతో మడమ నుంచి ముందుకు గాడులను గీకి, బ్రష్‌తో రుద్ది, ఉప్పునీటితోనో పలుచని పోవిడోన్ అయోడిన్‌తోనో కడగాలి. వేలాడే, చచ్చిన ఫ్రాగ్ ముక్కలను పశువైద్యుడో, గిట్టలు చెక్కడం తెలిసినవాడో కోసి తీసి గాడికి గాలి తగిలేలా చేయాలి. బతికున్న కండను, రక్తం వచ్చేదాకా, కోయకూడదు. ఆ తర్వాత పొడి గుడ్డతో తడి పూర్తిగా ఒత్తాలి. తడి మీద పూసిన మందు పలుచబడి కారిపోతుంది. అప్పుడు పోవిడోన్ అయోడిన్ గానీ, వైద్యుడు చెప్పిన మోతాదులో మైలుతుత్తం, జింక్ సల్ఫేట్‌లాంటి మందు గానీ వేసి, లోతైన గాడిలో మందుతో తడిపిన దూదిని పెట్టాలి. ఆ దూదిని రోజూ మార్చాలి. లోపలే వదిలేసిన దూది తడిని పట్టి ఉంచి జబ్బును పెంచుతుంది. తేలిక కేసులు ఒకటి రెండు వారాల్లో ఎండుతాయి. ఫ్రాగ్ మళ్ళీ పూర్తిగా పెరగడానికి నెలలు పడుతుంది. నిలబడే చోటు తడిగానే ఉంటే ఇవేవీ పనిచేయవు.

గుర్రానికి ధనుర్వాతం ముప్పు చాలా ఎక్కువ. ధనుర్వాత క్రిమి పేడలో, మట్టిలో ఉంటుంది, గాలిలేని లోతు గాయమే దానికీ కావాలి. అందుకే లోతైన థ్రష్ ఉన్న ప్రతి గుర్రానికీ టీకా ఎప్పుడు వేశారో వైద్యుడికి చెప్పి, అవసరమైతే మళ్ళీ వేయించాలి.

పశువుల ఫుట్‌రాట్‌లో పూత మందు చాలదు. పెన్సిలిన్, ఆక్సీటెట్రాసైక్లిన్, సెఫ్టియోఫర్‌లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌ను వైద్యుడు త్వరగా ఇస్తే చాలా పశువులు కొద్ది రోజుల్లో కోలుకుంటాయి. సందును కడిగి, ఇరుక్కున్న రాయి, కొయ్య తీసి, యాంటీసెప్టిక్ వేస్తారు. మూడు నాలుగు రోజుల్లో వాపు దిగకపోతే కీలుకు పాకిందేమో చూడాలి. యాంటీబయాటిక్ వాడినప్పుడు ఆ మందుకు చెప్పిన గడువు దాటేదాకా పాలు డెయిరీకి పోయకూడదు, ఇంట్లో వాడకూడదు. నొప్పికి డైక్లోఫెనాక్ అడగకూడదు. చచ్చిన పశువును తిన్న రాబందులు ఆ మందువల్ల చనిపోతున్నాయని తేలాక, దేశంలో 2006 నుంచి పశువైద్యంలో దాని వాడకం నిషిద్ధం. మెలాక్సికామ్ వంటి మందులు ఉన్నాయి.

నాటు వైద్యం

పసుపు, వేపనూనె, కర్పూరం గాయాలకు పూయడం, పురుగు పడితే సీతాఫలం ఆకు పసరు పిండడం తెలుగు పల్లెల్లో ఉన్న వాడుకలు. వేపనూనె, కర్పూరం ఈగలు వాలకుండా చేయడానికి కొంత ఉపయోగం. శుభ్రం చేసిన గాయం మీద పూస్తే ఇవి హాని చేయవు. హాని చేసేవి వేరే ఉన్నాయి. బ్యాటరీ ఆసిడ్, చిక్కని ఫార్మలిన్, పొడి సున్నం, కిరోసిన్, వాడేసిన ఇంజన్ నూనె గిట్టలో పోయడం బతికున్న కండను కాలుస్తుంది. పైన ఎండిన పొక్కు కట్టి, లోపల కుళ్ళు అలాగే ఉంటుంది.

నివారణ

నేల: పాక నేల చుట్టూ ఉన్న దొడ్డికన్నా ఎత్తుగా, మురుగు కాలువ వైపు 40 అడుగులకు ఒక అడుగు వాలుతో ఉండాలి. గ్రావెల్ దిమ్మె కట్టి పైన గరుకు సిమెంటు వేయడం డెల్టాలో సరిపోయే పద్ధతి. నున్నటి సిమెంటు మీద పశువు జారుతుంది. ఈ పనికి సరైన సమయం కాలువలు కట్టేసిన వేసవి. సార్వా నీళ్ళు వచ్చాక వేసిన మట్టి దిమ్మె గట్టిపడేలోపే రొంపి అవుతుంది.

పడక: గుర్రపుసాలలో వరిగడ్డి పడకగానూ మేతగానూ రెండు విధాలా పోతుంది కాబట్టి తడిసింది రోజూ తీసి కొత్తది వేయాలి. మిల్లు ఊక చవక, నీటిని పెద్దగా పీల్చదు కానీ కిందికి జారనిస్తుంది. కోనసీమలో దొరికే కొబ్బరి పీచు పొట్టు మూత్రాన్ని బాగా పీలుస్తుంది, అయితే తడిసినదాన్ని అలాగే వదిలేస్తే అదే తడి మడుగవుతుంది. కింద ఊక, పైన గడ్డి వేయడం రెండిటి గుణమూ తీసుకుంటుంది.

గిట్ట: గుర్రం గిట్టను రోజూ ఎత్తి గీకాలి. వర్షాకాలంలో రెండుపూటలా గీకితే ఇంకా మంచిది. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చెక్కించాలి. పెరిగిపోయిన గిట్టలో గాడి లోతవుతుంది, అక్కడ బంకమట్టి దాక్కుంటుంది. రోజూ పొడి నేల మీద నడిపించాలి. నీళ్ళలో నానిన వేళ్ళ చర్మంలా మెత్తబడిన ఫ్రాగ్ నడకతో, గాలితో గట్టిపడుతుంది. గేదెను కాలువలో తోమి తోలుకొచ్చాక పొడి చోట కాసేపు నిలబెట్టాకే పాకలో కట్టాలి.

పాదస్నానం: పెద్ద డెయిరీల్లో 5 శాతం మైలుతుత్తం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోలు, లేదా 10 శాతం జింక్ సల్ఫేట్ ద్రావణం నింపిన తొట్టిలోంచి పశువులను నడిపిస్తారు. గిట్టలు ముందు కడగాలి. పేడ కలిస్తే మైలుతుత్తం శక్తి పోతుంది. ఒకటి రెండు గేదెలున్న ఇంటికి తొట్టి అక్కర్లేదు, బకెట్ చాలు. పాదస్నానం నివారణకే తప్ప అప్పటికే వాచిన కాలికి మందు కాదు. ఫార్మలిన్ తొట్టి కళ్ళకు, ఊపిరికి ప్రమాదం కాబట్టి ఇళ్ళ దగ్గర వాడకపోవడం మేలు.

మైలుతుత్తం, చెరువులు

ఈ జిల్లాల్లో పాకకు, చేపల చెరువుకు, రొయ్యల చెరువుకు మధ్య దూరం తరచు కొన్ని గజాలే. మైలుతుత్తంలో ఉండే రాగి నీటి జీవులకు విషం. వాడేసిన మైలుతుత్తం ద్రావణాన్ని బోదెలోకో, కాలువలోకో, చెరువులోకో వంపకూడదు. పేడకుప్పలో పోసినా చివరికి అది చేనుకే చేరుతుంది. అందుకే అవసరమైనంతే కలుపుకోవాలి. గొర్రెలకు రాగి విషం త్వరగా ఎక్కుతుంది, అవి ఆ తొట్టి నీళ్ళు తాగకుండా చూడాలి. జింక్ సల్ఫేట్ ఈ విషయంలో కొంత మేలు, వరి రైతులకు అలవాటైనది కూడా.

టీకాలు, వైద్యసేవలు

గిట్టకుళ్ళుకు మన పశువులకు వాడుకలో ఉన్న టీకా లేదు. గాలికుంటు టీకా ఉంది. 2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం మథురలో ప్రారంభించిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఆవులు, గేదెలకు ఆరు నెలలకొకసారి ఉచితంగా వేస్తున్నారు. గాలికుంటు పుండ్లు గిట్టల సందును తెరిచి ఫుట్‌రాట్ క్రిములకు దారి ఇస్తాయి కాబట్టి ఆ టీకా పరోక్షంగా దీనికీ అడ్డు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మే నుంచి సంచార పశువైద్య వాహనాలు నడుస్తున్నాయి. 1962కు ఫోన్ చేస్తే ఊరికి వస్తాయి. కుంటిన పశువును రొంపి పుంతల్లో ఆస్పత్రికి నడిపించే బదులు వాహనాన్నే పిలిపించుకోవడం లంకల్లోనూ, కొల్లేటి వైపు ఊళ్ళలోనూ ముఖ్యంగా మేలు.